ఏడో మాత్ర

లివియో కీబోర్డులకు రోగమొస్తే నన్నే పిలుస్తారు.
స్క్రూడ్రైవరు, దూది, స్పిరిటు సీసా,
పళ్ళ మధ్య చిన్న టార్చిలైటు.
ట్రియెస్టె పాత రేవులో, కాఫీ గోదాము మూడో అంతస్తులో
అతను పాటల్లేని ఆల్బమ్ చేస్తున్నాడంటే
మా ఆవిడ పడీపడీ నవ్వింది:
"ఎజియో లేకుండానా?
పెళ్ళికొడుకు లేని ఊరేగింపు!"

పదిహేడేళ్ళు
ఎజియో గొంతు వెనక, పొగ వెనక
సగం ముఖంతో వాయించాడు లివియో.
పోస్టర్లలో అతని చెయ్యొక్కటే పడేది,
అదీ మోచేతి దాకా.

ఇప్పుడిక్కడ
ఆర్గన్ పాత బీరువాలా మూలుగుతోంది.
సింథసైజరు వైర్లు కాకరపాదులా నేలంతా అల్లుకున్నాయి.
బేస్ గిటారు జోరాది. మాట తక్కువ, బొటనవేలు బలం.
డ్రమ్ముల దగ్గర పందొమ్మిదేళ్ళ నెరెయో,
జాజ్ చదివొచ్చినవాడు, రాక్ అంటే చిన్నచూపు.
మూడో రోజుకల్లా చొక్కా విప్పేసి కొట్టాడు.

ఏడు మాత్రల నడక.
మూడూ నాలుగూ, మూడూ నాలుగూ.
తెలియని ఇంట్లో చీకట్లో మెట్లు దిగుతున్నట్టు
ఆరడుగులకు మెట్టు తగులుతుంది,
ఏడో అడుగుకి తగలదు.

అందుకే నన్ను పిలిచారు.
"ఏదో మీట ఇరుక్కుంటోంది,
ప్రతి వరస చివరా ఓ గుక్క మింగేస్తోంది" అన్నాడు ఇంజినీరు.
బయట బోరా గాలి కిటికీల్ని పళ్ళతో లాగుతోంది.
వీధిమలుపుల్లో జనం తాళ్ళు పట్టుకుని నడుస్తున్నారు.
ఒక్కో మీటా ఊడదీశాను.
అడుగున కాఫీ పొడి, మా నాన్న బస్తాలు మోసిన కాలం నాటిది కాబోలు,
నాలుగుసార్లు తుమ్మాను.
తుడిచాను. బిగించాను. వాయించమన్నాను.
అదే చోట
అదే గుక్క.

మీటలో ఏ లోపమూ లేదు.
ఆగుతున్నవి వేళ్ళు.
ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.
బిల్లు మీద రాశాను: శుభ్రం చేయడమైనది.

ఐదు వందల రికార్డులు అచ్చయ్యాయి.
అట్ట మీద పేర్లు తారుమారు.
"రెండో నంబరు ట్రామ్" ఉండాల్సిన చోట "అమ్మ కుట్టుమిషను",
కుట్టుమిషను చోట "బార్కోలాలో ఉప్పు".
ఒక్కరూ పోల్చుకోలేదు.
పాటకి మాటలుంటే అబద్ధం దొరికిపోయేది.
పత్రికాయన ఒకడు రాశాడు,
ఆ తల్లి సూది గుడ్డలో దిగి లేవడం స్పష్టంగా వినిపించిందట!
కొండెక్కుతున్న ట్రామ్‌ని విన్నాడు పాపం.
లివియోకి చదివి వినిపించాను.
చాలాసేపు గడ్డం గీరుకుని
"నిజమే" అన్నాడు, "మిషను దగ్గరే కూచుంది.
నాకే ఇన్నాళ్ళూ వినపడలేదు."

మార్చి నెలాఖర్న
ఎజియో నా కొట్టుకి వచ్చాడు.
చంకలో రికార్డు ప్లేయరు, తెగిన బెల్టు.
ఆల్బమ్ ఊసు నేనెత్తలేదు, తనూ ఎత్తలేదు.
బెల్టు మార్చి, పరీక్షకని
చేతికందిన రికార్డు పెట్టాను.
చేతికందినదేనని ఇప్పటికీ అంటాను.

కోటైనా విప్పకుండా నిలబడ్డాడు.
మూడూ నాలుగూ.
ఏడో మాత్ర దగ్గర
అతని ఛాతీ లేచింది.
మళ్ళీ వరస, మళ్ళీ లేచింది.
ఐదోసారికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు,
దగ్గొచ్చినవాడిలా.

"ఇక్కడ..." అన్నాడు.
నోరు తెరిచే ఉంది. పాట రాలేదు.
"ఇక్కడ వాడు నాకోసం..."

స్క్రూలు డబ్బాలో పోసుకుంటూ
నేను తలెత్తలేదు.
సూది చివరి గాడిలో పడి
గిరగిరా తిరుగుతోంది, చిన్న చప్పుడు,
ఒకటి, ఒకటి, ఒకటి.

"డబ్బులెంత?" అన్నాడు.
"కూచో" అన్నాను.
రెండో వైపు తిప్పాను.