రెండో సంతకం

ఫిర్యాదు టైపు చేసి లేదు.
పసుపు చీటీ వెనక, పెన్సిలుతో,
తలుపు కిందనుంచి తోసి వెళ్ళారు.
పేరు లేదు. ఒకటే వాక్యం:
"మార్చి తొమ్మిదిన ఫ్రీజర్ తలుపు ఎవరూ తెరవలేదు."

బయట ఉత్తర సముద్రం మీంచి వచ్చిన పొగమంచు
రేవులో క్రేన్లని ఒక్కొక్కటిగా మింగుతోంది.
నాది ఫిర్యాదుల గది,
గది అంటే కిటికీ ఉన్న అలమర.
పదకొండేళ్ళుగా ఇక్కడికి చేరేవి
ఆలస్యమైన రిపోర్టులు, ఇంటిపేర్లలో అక్షరదోషాలు.
క్షమాపణకి నా దగ్గర నాలుగు నమూనాలున్నాయి,
ఈ వాక్యానికి ఏదీ అతకదు.

ఫ్రీజర్ తలుపుకి ఒక చిన్న యంత్రం.
తెరిచిన ప్రతిసారీ వేళ రాసుకుంటుంది,
ఎవరి హోదా చూడదు.
మార్చి ఎనిమిది: ఇరవైరెండు సార్లు.
మార్చి పది: పందొమ్మిది.
మధ్యలో తొమ్మిది,
రాత్రంతా మంచు కురిసిన పొలంలా
ఒక్క అడుగు గుర్తు లేకుండా.

ఆ రోజే స్ట్రువాన్ గెడ్డెస్ గారు
పదకొండు రక్తనమూనాలు పరీక్షించినట్టు రాశారు.
ముత్యాల్లాంటి దస్తూరి.
"చెయ్యి వణికితే ముందు ఊపిరి వదులు, ఇష్‌బెల్,
తర్వాత చుక్క వదులు" అంటూ
నాకు పిపెట్ పట్టడం నేర్పిన చెయ్యి.

అడిగాను.
కళ్ళద్దాలు చాలాసేపు తుడుచుకున్నారు.
"ఆ వారం జీన్ ఆస్పత్రిలో ఉంది.
పని గుట్ట పడింది. పోలీసుల ఫోన్ల మీద ఫోన్లు.
ఎలాగూ వచ్చేది ఆ ఫలితమే కదా."

ఎలాగూ.
ఎంత మెత్తటి మాట!
దాని మీద ఒక మనిషిని పడుకోబెట్టి
ఆరేళ్ళు తలుపు వేసేయొచ్చు.

ఏడో నమూనా డంకన్ ఫ్లెట్‌ది,
చేపల పడవ మీద వంటవాడు.
వాళ్ళమ్మ ఈ గదికే మూడు ఉత్తరాలు రాసింది.
కాగితాలకి ఇంకా హాడక్ పొగ వాసన.
మూడింటికీ నేనే జవాబిచ్చాను:
"మా పద్ధతులు పటిష్ఠమైనవి."
అది రెండో నమూనా.

పాత ఫైలు తీశాను.
పరీక్షించినవారు: ఎస్. గెడ్డెస్.
సరిచూసినవారు:
నీలి సిరా, చివర తొందరగా జారిన గీత.
నాది.
గుర్తు లేదు. అదే భయం.
శుక్రవారమై ఉంటుంది, చివరి బస్సుకి వేళయి ఉంటుంది.
తిలాపాపం తలా పిడికెడు అంటారు,
నా పిడికెడు ఎంతో తూచబోయే ముందు
ఈ త్రాసు సున్నా దగ్గర నిలుస్తుందా అని చూడాలి.

డైరెక్టర్ మకాస్కిల్ టీ పోశాడు.
"ఒక్క రోజు, ఇష్‌బెల్. ఒక్క రోజు కోసం
ఇరవయ్యేళ్ళ తీర్పులు తవ్వుకుంటామా?
ముందు ఆ చీటీ ఎవరిదో తేల్చు."
నాకు తెలుసు.
ట్రేలు కడిగే పిల్ల, ఐల్సా,
తొమ్మిదికి తోక లోపలికి వంచుతుంది.
టీ తాగాను. చెప్పలేదు.

ఫ్లెట్ ఆ పని చేశాడో లేదో
ఇవాళ్టికీ నాకు తెలీదు, గెడ్డెస్‌కీ తెలీదు.
తెలిసిన చుక్క ఇంకా మూడో అరలో ఉంది.
చూసి వచ్చాను.
సీలు మీద గీత కూడా పడలేదు.

ఫిర్యాదు ఫారం కొత్తది తీశాను.
ఎవరి మీద: గడి చిన్నది,
రెండు పేర్లు ఇరికించి రాశాను.
ఫిర్యాదుదారు: మళ్ళీ నా పేరే.
అలా రాయకూడదని నియమం ఉందేమో,
ఆ నియమాలు రాసిందీ నేనే.

తర్వాత అమ్మకి ఉత్తరం.
"చింతిస్తున్నాం" కొట్టేశాను.
"విచారణలో భాగంగా" కొట్టేశాను.
మూడో కాగితం మీద పెన్సిలుతో
చీటీలోది ఉన్నదున్నట్టు ఎత్తి రాశాను:
మార్చి తొమ్మిదిన ఫ్రీజర్ తలుపు ఎవరూ తెరవలేదు.

కింద సంతకం చెయ్యబోతే చెయ్యి వణికింది.
ఊపిరి వదిలాను.
టపా బండి ఐదున్నరకి.
మంచులో దాని దీపాలు అప్పుడే కనిపిస్తున్నాయి.