కాఫీ డబ్బాలో మట్టి

టౌనో తెచ్చిన మట్టి పాత కాఫీ డబ్బాలో ఉంది.
మూత మీద పెన్సిల్‌తో "లపువా ఏటి పక్క మడి,
పార లోతు".
ఆరబెట్టి జల్లించి మూడు పాళ్ళు చేశాను.

మొదటి పాలు వేడినీళ్ళకు.
సరిగ్గా ఐదు నిమిషాలు మరగాలి.
నాకు పని నేర్పిన హిల్లా
అందుకోసమే గడియారాన్ని తాడుకట్టి మెడలో వేసుకునేది.
గాజుపాత్ర ముట్టుకోనిచ్చేది కాదు.
"గాజు ఒంట్లోనే బోరాన్ ఉందమ్మా,
లేని మడికి ఉందని దొంగసాక్ష్యం చెబుతుంది."
వడకట్టిన నీళ్ళలో పసుపు సారం,
చిటికెడు ఆక్జాలిక్ ఆమ్లం.
తడి ఆరేసరికి గిన్నె అడుగున
పలచని పారాణి రంగు.
సున్నా పాయింట్ మూడు.

రెండో పాలు ఆమ్లాల మిశ్రమానికి.
తొందర మనిషి. తలుపు తట్టడు, గోడ పగలగొడతాడు,
ఒక్క ఊపులో పదిహేను మూలకాల లెక్క తెస్తాడు.
వేరు ఎంత బతిమాలినా మట్టి విదల్చనిది
ఇతనికి భయపడి ఇచ్చేస్తుంది.
సున్నా పాయింట్ ఏడు.

మూడోది సార్బిటాల్, చక్కెరకు చుట్టం.
చేయి పట్టుకుని మెల్లగా బయటికి నడిపిస్తుంది.
సోమవారం నాలుగు అంది.
మంగళవారం అదే మట్టికి ఐదు అంది.
ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

కాగితాలు మూడూ బల్ల మీద పరిచాను.
టౌనో కళ్ళజోడు తుడుచుకుని
చాలాసేపు చూశాడు.
"వీటిలో నా మడి ఏది?"

మొక్కకు అందేది ఎంతో చెప్పే అంకెలివి, అన్నాను.
"మొక్కను అడిగారా?"

కోటు జేబులోంచి లాంట్టు దుంప తీశాడు,
పోయిన సెప్టెంబరు పంట,
నేలమాళిగలో చలికాలమంతా దాచింది.
పైకి నున్నగా, పిడికిలంత గట్టిగా.
నా బల్ల మీదే రెండుగా కోశాడు.
నడిమధ్య గోధుమరంగు, నీరుపట్టిన గుండె.

ఇక నాకు మాట రాలేదు.
వెయ్యమంటే వేస్తాడు. ఓ గుప్పెడు ఎక్కువైతే
వచ్చే ఏడు బార్లీ ఆకుల అంచులు మాడతాయి.
లోటుకూ విషానికీ మధ్య దారి
కత్తి వాదర అంత.

చివరికి వేడినీళ్ళ అంకే రాసిచ్చాను.
నమ్మకం వల్ల కాదు,
ముప్ఫై ఏళ్ళ దుంపల్ని దానితోనే పోల్చి చూశాం గనుక.
ఫారంలో గడి లేకపోయినా
అంచున పెన్సిల్‌తో చేర్చాను:
"దుంప కోసి చూశాం."

టౌనో మడిచి టోపీలో పెట్టుకున్నాడు.
తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.
"మిగిలిన మట్టి ఇవ్వండి.
డబ్బా మా ఆవిడది,
మట్టి మడిది."