నిద్ర బుక్కు

కొత్తవాడల మగ్గాలు ఆగినంక కూడ
నా తలకాయల కండె తిరుగుతనే ఉండేది.

ఎంజీఎంల సువార్తమ్మ మేడం గోలీలు రాయలే.
"అండాలూ, పన్నెండు దాక మంచమెక్కకు.
నిద్ర రాకుంటే దిగు.
ఎప్పుడు పన్నా సరే, అయిదింటికి లే.
బుక్కుల రాయి."

గిదేం వైద్యమని కొట్లాడిన.
గడపల కూసొని
కాజీపేట దిక్కు పొయ్యే గూడ్సు చప్పుడుకు
డబ్బాలు లెక్కవెట్టిన,
యాభై రెండు, యాభై మూడు...
బుక్కుల: రెండు గంటలు. మూడు. మళ్ల రెండే.

ఏడ్పు ఆగిందంటే అబద్ధం.
కని మూడో వారం పొద్దుగాల
పడుగు మీద ఎర్రనూలు
ఎర్రగనే కనవడ్డది.
జొన్నరొట్టె అడిగి తిన్న.

నిన్నటి గడి ఖాళీ.
గూడ్సు పోయిందో లేదో
నాకెరుకలేదు మేడం.