నూట పదిహేడో బూత్

లెక్కింపు అయిన మర్నాడు
సేనాపతి బాబు బల్ల మీద బరంపురం మ్యాపు పరిచాడు.
నాలుగు మూలలా నాలుగు టీ గ్లాసులు పెట్టాడు,
ఫ్యాను గాలికి ఊరు లేచిపోకుండా.

ఒడియా వీధులకి పచ్చ స్కెచ్ పెన్ను, మన గొడుగు.
తెలుగు వీధులకి నీలం, వాళ్ళ పడవ.
బొడొబజార్ దాటాక చెయ్యి ఆగింది.
"నీలవేణీ, నువ్వు చెప్పు,
మీ బూత్‌లో మనకేమయింది?"

నేను ఏజెంటుని.
రోజుకి మూడు వందలు, ఒక పూరీ పొట్లం.
ముసుగు తీయించి మొహం పోల్చడానికి ఆడమనిషి కావాలని
మూడు ఎన్నికల కిందట కూచోబెట్టారు,
అలాగే ఉండిపోయాను.

పేరు పిలుస్తారు, పెన్సిల్‌తో గీత గీస్తాను.
జాబితా ఒడియాలో ఉంటుంది.
మన అకారానికి అక్కడ నోరు గుండ్రమవుతుంది.
ఈసారి బెందాళం అప్పలనరసమ్మ
ఒపొలొ నొరొసింహొ అయి, మగవాడై,
నలభయ్యేళ్ళు తగ్గి వచ్చింది.
"ఓటు నాదేనా నాయనా, నా మనవడిదా?" అంది.
వేలు మాత్రం ముందే చాపింది.

బాబూ, భాషని బట్టి ఓటు పడుతుందని మీకెవరు చెప్పారు?
మా వీధిలో కొళాయిని బట్టి పడుతుంది.
ఇవతల పదిహేనిళ్ళకి బిందె నిండుతుంది.
అవతల ముందు గాలొస్తుంది,
తరవాత తుప్పు,
తరవాత టైమయిపోతుంది.
ఇవతలా ఒడియా ఉంది, తెలుగుంది.
అవతలా అంతే.

లాంజిపల్లి అపార్ట్‌మెంట్లలో అంతస్తుని బట్టి.
మురుగునీళ్ళు కింద కార్లని ముంచిన ఏడాది మాత్రం
నాలుగంతస్తులూ ఒకటే మాట మీదున్నాయి.
నీళ్ళు తియ్యగానే మళ్ళీ ఎవరి మెట్లు వాళ్ళవి.

ఇంక సూరత్.
మరమగ్గాలకి పోయిన మా కుర్రాళ్ళ కోసం
పడవ వాళ్ళు బస్సు వేశారు, దార్లో రెండు భోజనాలు.
రెండు రాత్రులు కూచుని వచ్చారు,
దిగి మొహాలు కడుక్కుని మనకి గుద్దారు.
సంబరపడకండి.
మీ బస్సులో వచ్చినవాళ్ళు వాళ్ళకి గుద్దారు.
"బస్సెవడిదైతే ఏటి, నడుం నొప్పి నాది"
అన్నాడు కోరాడ సిమ్మాద్రి.
నాకెలా తెలుసంటారా?
బటన్ నొక్కి వచ్చినవాడు
తనని తెచ్చినవాడి కళ్ళలోకి చూడడు.

గీత పడని పేర్లు నలభై మూడు.
అందులో చచ్చిపోయినవాళ్ళు ఏడుగురు.
మునుపు వాళ్ళూ వచ్చేవారు పాపం,
ఇప్పుడు మొహం, ఫొటో కలవాలంటున్నారని మానేశారు.
బనమాళి దొళాయి బతికే ఉన్నాడు.
గేటు దాకా వచ్చాడు, చీటీ తీసుకున్నాడు,
దాని వెనక ఆస్పత్రి ఖర్చు కూడుకుంటూ
గోడకి ఆనుకునే ఉన్నాడు, ఆరు కొట్టేదాకా.
అతన్ని ఏ రంగులో వేస్తారు?

బాబు వినలేదు. నీలం తీసి మా వీధంతా నింపాడు,
మా గుమ్మం దగ్గర ఆగాడు.
"మీ ఇల్లు?"

అత్తకి పింఛను వచ్చింది గొడుగు పుణ్యాన.
దరఖాస్తు రాసిపెట్టింది పడవ కుర్రాడు.
ఆవిడ ఇద్దరికీ తలూపింది,
ఒకే తల, కాస్త అటూ కాస్త ఇటూ.
మా ఆయన పడవ.
మీ మూడు వందలు బియ్యమై ఆయన కంచంలో పడ్డాక కూడా పడవే.

"మరి నువ్వు?"
పచ్చ పెన్ను మూత తీసి పట్టుకున్నాడు.

నేను ఖాళీ గ్లాసులు తియ్యడం మొదలెట్టాను.
మొదటిది తియ్యగానే
గోపాలపూర్ వైపు నుంచి ఊరు చుట్టుకుంటూ వచ్చింది.
రెండోది తీశాను.
ఆయనింకా చూస్తున్నాడు.

మూత పెట్టండి బాబూ, అన్నాను.
ఆరిపోద్ది.