కరెంటు పోయిన రాత్రి

నాలుగున్నరకు, వాళ్ళమ్మ కంపెనీ బస్సెక్కినాక,
మిద్దెక్కుతాను.
ఏకాంబరకుప్పంలో అది మగ్గాల కాడ షిఫ్టు మారే వేళ,
ఒకరి తీగ మీదికి ఒకరు చూడరు.
బొంత పిండి ఆరేసి
దాని ముందు నా లుంగీ ఒకటి వేస్తాను,
అడ్డంగా.

యామినికి తొమ్మిదేండ్లు.
ఎక్కాలు పదహారు దాకా వచ్చు,
అరవంలో పేరు రాస్తుంది, గోడెక్కి జామకాయ కోస్తుంది.
నిద్రలో మాత్రం
ఒక చిన్న తలుపు వేసుకోవడం ఇంకా రాలేదు.

పుత్తూరులో మేనత్త ఇంటి పెండ్లికి
కడుపునొప్పి, రాను అనింది.
ఆ కడుపునొప్పి నాకు తెలుసు.
పదకొండేండ్ల దాకా నేను
ఏ చుట్టం ఇంట్లోనూ నిద్రపోలేదు,
పైకప్పు కొయ్యలు లెక్కబెట్టినాను.

మా అమ్మ చెడ్డది కాదు. ఆమెకు తెలిసిందంతే:
నిప్పుతో ఆడినావు రా అనేది,
నువ్వులుండ పెట్టేది, తాయెత్తు కట్టేది.
ఏదీ కుదరని ఒక పొద్దున
తడిచాప నా తల మీద పెట్టి
వీధి కొళాయి దాకా నడిపించింది.
బిందెల కాడ మాటలు ఆగిపోయినాయి.
ముప్పై ఏండ్లయింది.
మగ్గం మీద వంగినప్పుడు ఒక్కోసారి
ఆ చాప బరువు మెడలో కలుక్కుమంటుంది.

మొన్న నిద్ర చాలని నా నోట్లోంచి
"ఇంత దానివి, సిగ్గు లేదా" అని వచ్చినప్పుడు
ఆ గొంతు ఎవరిదో పోల్చుకున్నాను.
పాప తల వంచుకొని గౌను అంచు పిండతా ఉంది.
అది మార్చుకున్న గౌను. పొడిగానే ఉంది.

డాక్టరమ్మ నవ్వలేదు, మందూ రాయలేదు.
"కావాలని చేసేది కాదు, ఒళ్ళు నేర్చుకుంటా ఉంది.
నీళ్ళు పగలంతా తాగనీ, పొద్దుపోయినాక తగ్గించు.
తిట్టొద్దు."
చివరి మాట నా మొహంలోకి చూసి చెప్పింది.
పడుగుకూ పేకకూ ఇంకా పొత్తు కుదరలేదన్నమాట.
అది నాకు తెలిసిన లెక్కే.
కొత్త బీము ఎక్కించిన నాడు దారాలు తెగతాయి,
మగ్గాన్ని కొడతామా?

ఆ రాత్రి చాప సంగతి చెప్పినాను.
చానాసేపు ఏమీ అనలేదు.
"కొళాయి కాడ అందరూ చూసినారా?"
"చూసినారు."
"జేజిని కొట్టాల."
నోటికి దుప్పటి అడ్డం పెట్టుకొని నవ్వినాం ఇద్దరం,
జేజి పక్క గదిలోనే గురక పెడతా ఉంది మరి.

ఇప్పుడు పదకొండుకు మగ్గం ఆపి
నిద్రకండ్ల దాన్ని నడిపించుకొని పోతాను.
కింద ప్లాస్టిక్ షీటు, పైన బొంత,
తలకాడ ఇంకో గౌను. అది తనే మడిచి పెట్టుకుంటుంది.

మా ఊరి పిల్లోళ్ళు మగ్గం చప్పుడుకు లేవరు,
ఆగితే లేస్తారు.
శుక్రవారం రాత్రి రెండు గంటలకు కరెంటు పోయింది.
వీధి వీధంతా ఒక్కసారిగా నోరు మూసుకునింది.
నేను అగ్గిపెట్టె తడుముకుంటా ఉంటే
గడప కాడ చిన్న నీడ:
"నాయనా, వస్తా ఉంది."

చేయి పట్టుకొని పోయినాను.
దోమలు ఉన్నాయి. నక్షత్రాలు కూడా.

శనివారం మళ్ళీ తడిసింది.
మిద్దె మీద బొంత పిండతా ఉంటే
మెట్లు ఎక్కి వచ్చి రెండో కొస పట్టుకునింది.
నేను ఇటు మెలి తిప్పితే
తను అటు.