బెత్తెడు ఎత్తు

కుటాయిసి బజారులో అడిగాను.
ఎర్ర రంగు క్రేను, మడతపడే కాళ్లు,
టన్ను ఎత్తుతుందని అట్టముక్క మీద రాసుంది.
ఏడువందల యాభై లరి.
కొట్టువాడు నా భుజం మీదుగా వెనక్కి చూశాడు,
మగవాళ్లెవరైనా వస్తున్నారేమోనని.
ఎవరూ లేరు. జుంబెర్ ఇంట్లో ఉన్నాడు,
గుడ్డలో చుట్టిన వేడి ఇటుక నడుం కింద పెట్టుకుని.

క్రేను మెడ వంగేచోట వేలితో తట్టాను.
పలచగా మోగింది.
అతుకు మీద మాత్రం రంగు దిట్టంగా ఉంది,
పెళ్లిచూపుల నాటి పౌడరులా.
"టన్నా?" అన్నాను.
"రాసుంది కదమ్మా" అన్నాడు.

రాతల సంగతి నాకు చెప్పకు నాయనా.
ఇరవైరెండేళ్లు క్విరీలా లోయ మీద
తీగబండి నడిపినదాన్ని.
మీట నా చేతిలో, మనుషులు గాలిలో.
పెట్టెలో పన్నెండుమందే ఎక్కాలని పలక ఉండేది.
సాయంత్రం షిఫ్టు దిగేవేళ పదహారుమంది ఎక్కేవాళ్లు,
మాంగనీసు మసిలో అందరిదీ ఒకటే మొహం.
ఆ పలకని తీగకి ఎవరూ చదివి వినిపించలేదు.

పోయిన ఆకురాలు కాలంలో
అక్రోటు కొమ్మకి మోకు కట్టి
నీవా కారు ఇంజిన్ లేపబోయాడు జుంబెర్.
వద్దన్నాను. వినలేదు.
కొమ్మ కూడా వద్దంది, ముందు సన్నగా,
తర్వాత వీధంతా వినపడేలా.
ఇంజిన్ దాని గూట్లో అది సర్దుకుంది.
పట్టుకోబోయిన మనిషి నడుమే
ఇప్పటికీ గూట్లో పడలేదు.

అందుకే కొనలేదు, కట్టాను.
మూతబడ్డ పై స్టేషను తుక్కుని
మాల్ఖాజ్ కిలోల లెక్కన అమ్ముతున్నాడు.
గని బండ్ల పట్టా ఒకటి, అడ్డానికి.
నీటి గొట్టాలు నాలుగు, కాళ్లకి.
గుట్టలో అడుగున దొరికింది
నా కేబిన్ కిటికీలోంచి కనపడే గిలక,
అంచున ఉలి దెబ్బతో సహా.
మంచు కొట్టడానికెళ్లి ఎవరో వేసిన దెబ్బ అది.
తూకం వేసేటప్పుడు మాల్ఖాజ్ కాటా వైపు చూడలేదు.
నేనూ బేరం ఆడలేదు.

అతుకులు త్సియాలా కొడుకు వేశాడు.
రెండు నాకు నచ్చలేదు, కోయించి మళ్లీ వేయించాను.
అలిగి పోయాడు కుర్రాడు.
మూడోనాడు వచ్చి, చుట్టూ తిరిగి చూసి,
అతుకు పక్కన తన పేరు మొదటి అక్షరం గీసుకున్నాడు.

తీగ మార్చిన రోజు మా దగ్గర ఒక పద్ధతుండేది.
ముందు ఇసుక బస్తాలు,
తర్వాత ఇంజనీరు,
ఆ తర్వాతే జనం.

ఇంజిన్ నూట ఇరవై కిలోలు.
బస్తాలు నాలుగు, యాభై చొప్పున,
రాత్రంతా వేలాడదీశాను.
వాన పడి ఇసుక తడిసింది, బరువింకా పెరిగింది, మంచిదే.
పొద్దున్నే చూస్తే సుద్దగీత ఉన్నచోటే ఉంది.
బస్తాల కింద పిల్లి పడుకునుంది,
నాకంటే ముందే నమ్మి.

జుంబెర్‌ని లేపి కుర్చీలో కూచోబెట్టి
తిప్పే పిడి చేతికిచ్చాను.
దీనికి నడుంతో పనిలేదు, మణికట్టు చాలు.
"ఇంజనీరేడీ?" అన్నాడు.
నేనే, అని పట్టీలో కూచున్నాను.
ఉట్టికెగరలేనమ్మ, అని ఏదో మొదలుపెట్టి
నా మొహం చూసి మానేశాడు.

టక్. పళ్ల మీద నాలుక పడింది.
టక్.
గిలక ఒకసారి మూలిగింది, ఆ గొంతు నాకు తెలుసు.
మడమలు లేచాయి, తర్వాత వేళ్లు.
నేలకీ నా చెప్పులకీ మధ్య బెత్తెడు సందు,
దానిలోంచి అవతలి కంచె, కంచె కింద గడ్డి.
మీట ఆయన చేతిలో, నేను గాలిలో.

"చాలు, దించు."
అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, దిగలేదు.
చెమట పట్టింది మనిషికి.
నాలుకని వేలితో ఎత్తి పట్టుకోవాలని
చెప్పడమే మర్చిపోయాను.

కంగారేం లేదన్నాను.
అక్కడ్నుంచే చెప్పాను, మెల్లిగా, రెండుసార్లు.
రెండోసారి కావాలనే
కాస్త ఆలస్యంగా చెప్పాను.