తెచ్చిన మనిషికి

ముహర్రఖ్‌ల బూ నాసర్ ఇంటి గోడలు
సముద్రపు రాయివి.
ఎన్నిసార్లు సున్నం పూసినా ఉప్పు ఊరుతనే ఉంటది.
ఆ ఉప్పు నుంచి రాజులను కాపాడుడు నా కొలువు.

పొద్దున ఆరింటికి, పగటీలి రెండింటికి, రాత్రి పదింటికి
గాలిల తేమ ఎంతుందో చూసి నోటుబుక్కుల రాస్త.
యాభై దాటొద్దు.
దాటితే సుల్తాను మొహరు చుట్టూ ఉన్న నీలం
ఉబ్బి రాలుతదట.
నలభైకి దిగొద్దు.
దిగితే ఎవరో షాజాది నికానామా మీది బంగారు తీగలు
చిట్లుతయట.
పసిపిల్లల ఒళ్లు కాలినట్టే వీళ్లది,
ఒక డిగ్రీ అటు, ఒక డిగ్రీ ఇటు.
నాకు జరమొచ్చి లేవని రోజు
చూడకుండనే నలభై ఎనిమిది రాసిన.

పర్వానె మేడం కుంచెతోని దుమ్ము తీసుకుంట చెప్పేది:
ఇది లాజవర్దు, రాయిని నూరి తీసిన నీలం,
ఇది ఆల్చిప్పల కలిపిన బంగారం.
ముత్యం పోయినంక కూడ
చిప్పకు ఒక పని దొరికిందన్నమాట.

బూ నాసర్ తాత ముత్యాల పడవకు నఖుదా.
ఆయన పద్దుబుక్కు గాజుపెట్టెల లేదు,
మూలకు, బిస్కెట్ల రేకు డబ్బాల ఉంటది.
అండ్ల మునిగెటోళ్ల పేర్లు, వాళ్ల అప్పులు.
కొన్ని పేర్ల మీద అడ్డగీత.
అప్పు తీరిందో, మనిషే తీరిపోయిండో
ఆయన చెప్పడు, నేనడగ.

మొన్న వేలంపాట నుంచి గోలకొండ వచ్చింది.
అవును, గోలకొండనే!
జానెడు వెడల్పు, బారెడు పొడుగు,
మూడు కొత్త కార్ల ధర.
పైన గాలికి చల్లినట్టు బంగారు రజను,
నడుమ ఫార్సీ, కొంగలు బారుగట్టినట్టు.
దోస్తులొచ్చిన్రు, ఊదు పొగేసిన్రు,
అందరు ఒంగి మొహరునే చూసిన్రు.
పదిమంది ఊపిరికి మీటరు యాభై రెండుకెక్కింది.
మిషను పెంచుదామని పక్కకు జరిగిన,
అప్పుడు కనబడ్డది.

అడుగున, బంగారం అయిపోయిన జాగల,
నల్ల సిరాతోని తెలుగు.
కేటలాగుల దానికి ఒక్కటే మాట:
కింద స్థానిక లిపిలో కొన్ని పంక్తులు.

గొలుసుకట్టు రాత. తలకట్టు లేదు, ఆగేది లేదు,
ఒక మాట కొంగు ఇంకో మాట పట్టుకొని నడుస్తది.
కోరుట్ల సావుకారి దుకాణంల
మూడేండ్లు పద్దులు తిప్పినోన్ని, నాకు కొత్త కాదు.
"పోశెట్టీ, చదవొస్తదా?" హిందీల అడిగిండు బూ నాసర్.

చదివిన.
ఆ అర్రల నా నోట
"అచ్ఛా సాబ్" కాని మాట అదే మొదలు.
తూర్పున చాకలోల్ల మాన్యం,
పడమట ఉప్పువాగు,
ఉత్తరాన పిడుగు పడ్డ గుండు,
దక్షిణం దిక్కు పురుగు తినేసింది.
ఆఖరి వరుస:
"యీ కాగితం తెచ్చిన బంట్రోతుకు
పూటకు సోలెడు బియ్యం, పిడికెడు పప్పు
బత్తెం యిచ్చి పంపించేది."

ఒకాయన నవ్విండు.
ఇంకొకాయన, దీనితోని ధర పెరుగుతదా తగ్గుతదా అన్నడు.
బూ నాసర్ శానసేపు మాట్లాడలె.
"ఇచ్చిన్రా?" అన్నడు.
కాగితంల లేదు సాబ్.
రేకు డబ్బా దిక్కు చూసినట్టనిపించింది.
చూడలేదేమో.

తెల్లారి ఇంకో పెట్టె వచ్చింది, ఏ రాజుదో.
తెచ్చిన పిలగాడు నోవాఖాలోడు.
బండి దిగి సంతకానికి నిలబడ్డడు,
బయట నలభై ఆరు ఎండ,
హెల్మెట్ల నుంచి చెమట నా నోటుబుక్కు మీద పడ్డది.
లోపలికి రమ్మన్న.
రెండు ఖుబ్జులు, నా టిఫిన్ల పప్పు, సల్లటి లబాన్.
"ఎందుకు భయ్యా?" అన్నడు బుక్క నోట్లుండంగనే.
"రాసి ఉన్నది" అన్న.

తలుపు అంతసేపు తెరిచి ఉన్నందుకు
మీటరు యాభై మూడు.
ఉన్నదున్నట్టు రాసిన.